లైను మాస్టారు

“చెప్పేది నువ్వా, నేనా?” అని వంటింట్లో కిరణ్ కుమార్ గొంతు తగ్గించి అరిచాడు. గొంతు తగ్గించి అరవడం వారం రోజులుగా ఆ ఇంట్లో అందరికీ బాగా అలవాటైంది.

“నేను చచ్చినా చెప్పను,” అంది రెబెక్కా. చేతిలో లేసు సూది మాత్రం ఆగలేదు. “హైదరాబాదు మేడమ్ ఫోన్ చేస్తే సరేనండి, సరేనండి అని తలూపింది నువ్వు. కొడుకువి కూడాను. నువ్వే చెప్పు.”

“ఫోన్లో తలూపితే వాళ్ళకి కనిపిస్తుందేంటి మమ్మీ? ఒప్పుకుంది నీ కూతురు. దాన్నడుగు.”

వినీల పొయ్యి దగ్గర నిలబడి మిరియాల పాలు చల్లార్చుకుంటోంది. సాయంత్రం రైలు. రేపు లైవ్. ఇంట్లో ఎవరికి ఏమైనా ఫర్వాలేదు గానీ గొంతుకి మాత్రం ఏమీ కాకూడదు.

ముందు గదిలోంచి శాంతికుమార్ మాస్టారి కేక వినిపించింది. “రెబెక్కా! హార్మోనియం మీద కప్పే దుప్పటి ఎక్కడ పెట్టావ్? రైల్లో దుమ్ము కొడుతుంది.”

ముగ్గురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

“ఉతికేశానండీ, ఇంకా ఆరలేదు,” అని రెబెక్కా అబద్ధం కేకేసింది. ఆ దుప్పటి మీదే ఆవిడ కూర్చుని ఉంది.

ఛానెల్ వాళ్ళు అడిగింది ఒక్కటే. ఈ ఆదివారం ‘పాటల తీర్థం’ కార్యక్రమానికి వినీల ఒక్కతే రావాలి. తండ్రి వద్దు. హార్మోనియం కూడా వద్దు, వాళ్ళ దగ్గర కీబోర్డు ఉంది.

ఎందుకు వద్దన్నారో నరసాపురం అంతటికీ తెలుసు, మాస్టారికి తప్ప.

కిందటి ఆదివారం తండ్రీకూతుళ్ళు ఆ స్టూడియోలో లైవ్‌లో పాడారు. పాడారు అనడం కూడా తప్పే. పాడింది కూతురు. ఆ పిల్ల ఒక లైను పాడి ఊపిరి పీల్చుకునే సందులో, పక్కన హార్మోనియం వాయిస్తున్న తండ్రి తర్వాతి లైను గట్టిగా మాటల్లో అందించారు. ఒకటి కాదు, రెండు కాదు, పాట పొడుగునా ప్రతి లైనూ అందించారు.

పేట చర్చిలో ఆయన ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పని అదే. పుస్తకం చదవలేని వాళ్ళు సగం మంది కూర్చునే చోట లైను అందించే మనిషి లేకపోతే పాట ముందుకి నడవదు. ఆయన అందిస్తారు, వాళ్ళు అందుకుంటారు. స్టూడియోలో దీపాలు వెలగగానే మహానుభావుడు కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకుంటే ఆయనకి ఎక్కడైనా పేట చర్చే.

‘పాటల తీర్థం’లో ‘జనం మాట’ అని ఒక ముక్క ఉంటుంది. ఈ వారం వీళ్ళని ఎందుకు పిలిచారు, మళ్ళీ వారం ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు అని చూసేవాళ్ళు ఛానెల్ పేజీలో రాస్తారు. ఛానెల్ వాళ్ళు వాటిని పట్టుచీర మీద పూలు చల్లినంత సంబరంగా చదువుతారు. తిన్నది అరగని వాళ్ళందరికీ అదొక వ్యాపకం. ఈ వారం వాళ్ళకి మాస్టారు దొరికారు.

వీధిలో పిల్లలు “లైను మాస్టారూ!” అని అరుస్తుంటే ఆయన చెయ్యి ఊపారు. “టీవీ అంటే టీవీయే రెబెక్కా, ఎన్నడూ పలకరించనివాళ్ళు కూడా పిలుస్తున్నారు,” అని మురిసిపోయారు. ఆ పూట రెబెక్కా పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది.

దొడ్డి తలుపు తోసుకుని బేబి వచ్చింది. మాస్టారికి స్వయానా చెల్లెలు, పక్క వాటాలోనే ఉంటుంది. నర్సుగా చేసి రిటైరైంది. సూది గుచ్చేటప్పుడు నొప్పి పుట్టదని చెప్పే అలవాటు ఆవిడకి ఏనాడూ లేదు.

“ఇంకా చెప్పలేదా?” అంది, ముగ్గురి ముఖాలూ చూసి. “స్త్రీల సమాజం వాళ్ళు ప్రయాణ ప్రార్థనకి బయల్దేరారు. రత్తమ్మ తెల్లచీర కట్టుకుని వీధి మొదట్లో మిగతావాళ్ళ కోసం నిలబడింది. వాళ్ళొచ్చి ‘ప్రభువా, ఇద్దరినీ క్షేమంగా తీసుకెళ్ళు’ అని ప్రార్థన చేసి, అందరూ ఆమెన్ అన్నాక చెబుతారా?”

“నువ్వు తల దూర్చకు బేబీ. మేం నెమ్మదిగా చెప్పుకుంటాం.”

“వారం నుంచీ నెమ్మదిగానే ఉన్నారు కదా వదినా. ఇంకా నెమ్మదైతే రైలు కూడా వెళ్ళిపోతుంది. పదండి.”

చెప్పాల్సినవాళ్ళు ముగ్గురూ, చెప్పి తీరాలన్న ఆవిడొకర్తీ, నలుగురూ ముందు గదిలోకి నడిచారు.

మాస్టారు చాప మీద కూర్చుని హార్మోనియం మెట్లు పొడిగుడ్డతో తుడుస్తున్నారు. తలెత్తి నవ్వారు. “ఏంటి, నలుగురూ కట్టగట్టుకుని వచ్చారు? ప్రార్థనకి వేళైందా?”

కిరణ్ గొంతు సవరించుకున్నాడు. “అది కాదు డాడీ. మీకు బీపీ ఉంది కదా. రైలు ప్రయాణం, అక్కడ ఆ లైట్లు...”

“మాత్ర వేసుకున్నాను.”

“షుగరు కూడా...”

“షుగరు మీ అమ్మకి.”

అబద్ధం చెప్పడానికైనా ఇంట్లోవాళ్ళ రోగాలు తెలిసుండాలి. కిరణ్ నేల చూపులు చూశాడు.

రెబెక్కా అందుకుంది. “ఈసారికి పాప ఒక్కతే వెళ్తే ఏంటండీ? కిరణ్ తోడెళ్తాడు. మీరు ఇంట్లోనే కూర్చుని టీవీలో చూద్దురు గాని. నాకూ తోడుంటారు.”

“అదొక్కతే వెళ్తే లైను ఎవరందిస్తారు?” అన్నారు మాస్టారు. ఎంతో మామూలుగా అన్నారు, గొడుగు లేకుండా వానలో ఎలా వెళ్తుంది అన్నట్టు.

రెబెక్కా కొడుకుని మోచేత్తో పొడిచింది.

ఇక ఆగడం బేబి వల్ల కాలేదు. ఫోను తీసి కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుంది. “అన్నయ్యా, నేను చదువుతాను, విను. నీ టీవీ ముచ్చట గురించి జనం ఏం రాశారో నువ్వు వినాలి కదా.”

“బేబీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు,” అంది రెబెక్కా.

“కాళ్ళు తర్వాత పట్టుకుందువు గాని వదినా. ఇదిగో, విను. ‘అమ్మాయి పాడుతోందా, వాళ్ళ నాన్న డిక్టేషన్ చెబుతున్నాడా?’ ఇంకొకడు. ‘పరీక్ష హాల్లో చిట్టీలు అందించినట్టుంది. స్క్వాడ్‌ని పిలవండి.’ ఇది చూడు. ‘ఇలాంటివాళ్ళని ఎవరు సెలెక్ట్ చేశారండీ బాబూ? మా వీధిలో చేపలమ్మే ఆవిడ కేక ఇంతకంటే శ్రుతిలో ఉంటుంది.’ ‘పాట మధ్యలో ఈ రైల్వే అనౌన్స్‌మెంట్ ఏంటి?’ ‘ఆ పెద్దాయన మైకు పీకేసి పిల్లని ఉంచండి.’ దీనికి లైకులు బోలెడు.”

మాస్టారు గుడ్డతో ఒకే మెట్టుని తుడుస్తూ ఉన్నారు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

“చాలు అత్తా,” అన్నాడు కిరణ్.

“ఒక్కటే ఉంది. ‘మా ఊరివారే, మా చర్చి మాస్టారే. మనిషి చాలా మంచివారు. కానీ టీవీకి పనికిరారు. ఇలాంటివాళ్ళని తప్పించి కుర్రవాళ్ళకి అవకాశం ఇవ్వాలని నా అభిప్రాయం.’ రాసింది రమేష్ బాబు, నరసాపురం.”

గుడ్డ ఆగిపోయింది.

రమేష్ బాబు చర్చి కమిటీ సెక్రటరీ. చిన్నప్పుడు గొంతు కీచుమంటుంటే క్వాయర్లోంచి తీసెయ్యమని పెద్దలందరూ అన్నారు. వాడి గొంతు దారిలో పడేదాకా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది మాస్టారే. మొన్న బుధవారం చర్చి మెట్ల మీద ఆయన రెండు చేతులూ పట్టుకుని, “అదరగొట్టేశారు మాస్టారూ,” అన్నదీ ఆ రమేష్ బాబే.

“వినీలా,” అన్నారు మాస్టారు. “నీకివన్నీ ముందే తెలుసామ్మా?”

“తెలుసు.”

“నన్ను రావద్దన్నారా?”

“అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“సరే అన్నాను.”

రెబెక్కా “పాపా!” అంది. వినీల ఆగలేదు. వారం రోజులు నోట్లో నానబెట్టుకున్న మాటలు, ఒకసారి బయటికి రావడం మొదలుపెడితే ఆగుతాయా?

“స్టేజీ మీద నేను ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు డాడీ. పాటంతా నాకు నోటికొచ్చు. మీరు లైను అందించినప్పుడల్లా నాకెలా ఉందో తెలుసా? చిన్నపిల్లకి ముక్కు తుడిచినట్టుంది. నేను ఎలా పాడానో రాసినవాడు ఒక్కడూ లేడు. అందరూ మీ గురించే. అంత కష్టపడి సాధన చేసి, అంత దూరం వెళ్ళి, నేను మీ పక్కన కూర్చున్న పిల్లనయ్యాను. నాకూ సిగ్గేసింది.”

రెబెక్కా చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి కూతురి చెంప దాకా వెళ్ళలేదు. కొంగు సర్దుకుని కిందికి దిగింది. ఆయన్ని వద్దంటే తనూ ఒప్పుకున్నదే కదా, ఏ ముఖంతో కొడుతుంది?

“సరే,” అన్నారు మాస్టారు.

అంతకంటే ఒక్క మాట కూడా ఆయన అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. ఆ ‘సరే’ ముందు నలుగురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది.

“వందనాలండి మాస్టారూ!”

“వందనాలమ్మా, రండి, రండి,” అంటూ మాస్టారు లేచారు. గొంతులో తేడా ఏమీ లేదు.

స్త్రీల సమాజం గదినిండా కూర్చుంది. చోటు చాలనివాళ్ళు వరండాలో సర్దుకున్నారు. అందరికంటే ముందు, హార్మోనియానికి ఎదురుగా, రత్తమ్మ కూర్చుంది. ఆవిడ చోటు ఎక్కడైనా అదే. చదువు లేదు, చూపు కూడా మందగించింది. మాస్టారి పెదవులు కదలడం కనిపిస్తే చాలు, లైను నోట్లో పడకముందే అందుకుంటుంది. అలా ఆవిడకి వచ్చిన పాటలు ఇన్నీ అన్నీ కావు. వచ్చినట్టే ఉంటాయి, లైను అందకపోతే మాత్రం ఒక్కటీ రాదు.

“ప్రయాణం పాట ఎత్తుకోండి మాస్టారూ,” అంది ప్రెసిడెంటు హెలెన్.

మాస్టారు శ్రుతి పట్టారు. “రేవు దాటే వేళలో మా చేయి వదలకుమయ్యా” అని పల్లవి లేచింది. పల్లవి అందరికీ వచ్చు. గది దద్దరిల్లింది.

చరణం దగ్గర మాస్టారు నోరు తెరవలేదు.

హార్మోనియం మోగుతూనే ఉంది. పుస్తకాలున్న నలుగురైదుగురు గబగబా పేజీ వెతుక్కుని సన్నగా పాడారు. మిగిలినవాళ్ళు ఏదో గొణిగి, ఒకరినొకరు చూసుకుని ఆపేశారు. పాట కుంటుతూ కుంటుతూ వెళ్ళి మధ్యలో కూలబడింది.

రత్తమ్మ ముందుకి వంగింది. “మాస్టారండీ, లైను.”

మాస్టారు ఆవిడ వైపు చూడలేదు. “పుస్తకం చూసి పాడండి.”

“నాకు పుస్తకమేంటండి?” అని రత్తమ్మ నవ్వింది. పరాచికమాడుతున్నారనుకుంది. “లైను అందించండి బాబూ, అందుకుంటాను.”

“ఎన్నాళ్ళందించను రత్తమ్మా?”

గదిలో నవ్వులు ఆగిపోయాయి.

“ఇంత వయసొచ్చింది. ఇన్నేళ్ళలో నాలుగక్షరాలు నేర్చుకోలేకపోయావా? నీలాంటివాళ్ళకి అందించి అందించీ నా నోరు ఇలా తయారైంది. చదువు రానివాళ్ళు నోరు మూసుకుని వినండి. మీవల్ల పాట పాడైపోతోంది.”

ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని పేటలో ఎవరూ కలలో కూడా అనుకుని ఉండరు. హెలెన్ పుస్తకం మూసేసింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ బేబి గోడ పట్టుకుంది. తను గుచ్చిన సూది ఎక్కడ దిగిందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

రత్తమ్మ కాసేపు ఆయన ముఖం వైపే చూసింది. తర్వాత తల మీది ముసుగు సరిచేసుకుంది.

“ఆయ్, అలాగేనండి,” అంది.

లేచి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుంటూ వరండాలోకి వెళ్ళి, అందరి చెప్పుల పక్కన కూర్చుంది. ఎవరూ ఆపలేదు.

హెలెన్ ప్రార్థన ముగించింది. “తండ్రీ, నీ దాసుణ్ణీ ఆయన కుమార్తెనూ, ఇద్దరినీ చెయ్యి పట్టుకుని నడిపించు. వారి పాట వినే ప్రతి హృదయాన్నీ కదిలించు.” అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మాస్టారే.

సరిగ్గా అప్పుడే దొడ్లో కిరణ్ ఫోను మోగింది. హైదరాబాదు నుంచి సారిక, కార్యక్రమం చూసుకునే మేడమ్. కిరణ్ స్పీకరు పెట్టి చేతిపంపు దగ్గరికి నడిచాడు. వెనకే వినీలా, రెబెక్కా, బేబీ వెళ్ళారు.

“కిరణ్ గారూ, ఒక చిన్న మార్పండి. ఫాదర్ గారిని కూడా తీసుకొచ్చేయండి. హార్మోనియం మర్చిపోవద్దు.”

కిరణ్‌కి అర్థం కాలేదు. “మీరే కదండీ వద్దన్నారు?”

“అప్పుడు జనం తిట్టారండి. ఇప్పుడు నవ్వుతున్నారు. ఆయన్ని తీసేశామని పొద్దున ప్రోమో వేశాం. ‘జనం మాట’ నిండిపోయిందండి బాబూ! లైను మాస్టారు లేకపోతే మేం చూడం అని ఒకటే గోల. ఇంటింటా పిల్లలు ఆయన్ని ఇమిటేట్ చేసి వీడియోలు పెడుతున్నారు. అందుకే ఆయన కోసం ప్రత్యేకంగా ఒక సెగ్మెంట్ పెట్టాం. మన కామెడీ కుర్రాళ్ళిద్దరు ఆయన వెనకాల నిలబడతారు. ఆయన అమ్మాయికి లైను అందిస్తారు, వీళ్ళు ఆయనకి అందిస్తారు. భలే పేలుతుందండి. ఆయనకి మాత్రం ముందే చెప్పకండి, సహజంగా ఉండాలి.”

“మరి మా చెల్లి పాటండీ?”

“పాడుతుందండి. ఆవిడ పాడకపోతే ఆయన దేనికి అందిస్తారు?”

“ఆయన రానంటే?”

సారిక గొంతులో తీపి తగ్గలేదు. “అయితే ఇద్దరూ వద్దండి. సామర్లకోట జట్టు ఒకటి రెడీగా ఉంది. మీరు రైలెక్కేలోపు ఒక మాట చెప్పండి, ఉంటాను.”

ఫోను పెట్టేసింది. చేతిపంపు నుంచి బొట్లు పడుతున్నాయి.

“ఈసారి నేను ఒప్పుకోను,” అంది రెబెక్కా. “వద్దన్నప్పుడు నోరు మూసుకున్నాను. నలుగురి నోటా మాట పడకుండా ఆయన ఇంట్లో ఉంటారులే అనుకున్నాను. నవ్వడానికి పిలిస్తే నా మొగుణ్ణి పంపించను.”

“ఆయనకి తెలియక్కర్లేదు మమ్మీ,” అన్నాడు కిరణ్. “పిలిచారని చెబుదాం. సంతోషంగా వస్తారు. పాడేటప్పుడు ఎలాగూ కళ్ళు మూసుకుంటారు. వెనకాల ఎవరున్నారో ఆయనకి కనిపిస్తారా?”

కన్నకొడుకు అన్న మాట అది. వాడి నోట్లో పళ్ళు ఊడలేదు.

“ఒరేయ్, నేను నీ తండ్రికి నిజం చెప్పింది ఇంట్లో కూర్చోబెట్టడానికి,” అంది బేబి. “బజార్లో నిలబెట్టడానికి కాదు. నువ్విలాంటి వేషాలు వేస్తే ఇదీ చెబుతాను.”

“నువ్వు ఒకసారి చెప్పావు కదత్తా, చాలు. దాని ఫలితం రత్తమ్మ చెప్పుల దగ్గర కూర్చుంది.”

బేబి నోరు మూతపడింది. అది కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడని వింతే.

రెబెక్కా కూతురి భుజాలు పట్టుకుంది. “పాపా, నువ్వు చెప్పవే. వద్దని చెప్పు. ఈ టీవీ కాకపోతే ఇంకోటి. పాడే గొంతు ఎక్కడికీ పోదు.”

వినీల తల్లి చేతులు నెమ్మదిగా తీసేసింది. “ఇంకోటి రాదు మమ్మీ. వస్తుందని నీకూ నమ్మకం లేదు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “నేను అడుగుతాను.”

వరండాలో ఆడవాళ్ళు టీ తాగుతున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. ముందు గదిలో మాస్టారు ఒక్కరే, హార్మోనియం తిత్తి మూసి గొళ్ళెం పెడుతున్నారు.

“డాడీ.”

ఆయన తలెత్తలేదు.

“మిమ్మల్ని కూడా రమ్మంటున్నారు. ఇప్పుడే ఫోన్ వచ్చింది. లైను మాస్టారు లేకపోతే చూడమని జనం పట్టుబట్టారట.”

అందులో అక్షరం అబద్ధం లేదు. అందుకే అంత తేలిగ్గా అనేసింది.

మాస్టారి ముఖం విప్పారింది. ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణం చూడలేక గుమ్మంలో ఉన్న రెబెక్కా తల తిప్పుకుంది. తర్వాత ఆయన కళ్ళజోడు తీసి, పాఠం అప్పజెప్పే పిల్లని చూసినట్టు కూతుర్ని చూశారు.

“నిన్నటిదాకా తిట్టారు. ఇవాళ పిలుస్తున్నారు. మధ్యలో నేనేమీ పాడలేదు కదమ్మా.”

“మనసు మార్చుకున్నారు.”

“వినడానికి పిలుస్తున్నారా, నవ్వడానికి పిలుస్తున్నారా?”

“వినడానికే.”

“ఇటు తిరిగి చెప్పు.”

వినీల ఇటు తిరిగింది. “వినడానికే డాడీ.”

“అయితే నేను రాను,” అన్నారాయన. “వినేవాళ్ళకి నీ ఒక్కదాని పాట చాలు. నువ్వు బాగా పాడతావు. నేర్పినవాణ్ణి, నాకు తెలుసు. నేను పక్కనుంటే నీకు సిగ్గన్నావు. వెళ్ళి రా.”

ఆయన కోపంతో అనలేదు. నిజంగానే వెళ్ళి రమ్మన్నారు. ఆ మంచితనమే వినీలకి భరించరానిదైంది. బయట కిరణ్ గడియారం చూసుకుంటున్నాడు. సామర్లకోటలో ఎవరో ఇప్పటికే బట్టలు సర్దుకుంటున్నట్టు ఆమెకి అనిపించింది.

“నవ్వడానికే!” అని అరిచింది.

వరండాలో టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

“నవ్వడానికే పిలుస్తున్నారు! మీ వెనకాల ఇద్దరు జోకర్లని నిలబెడతారట. మీరు లైను అందిస్తుంటే వాళ్ళు వెక్కిరిస్తారట. మీరు రాకపోతే నన్ను కూడా వద్దన్నారు. నేనెలా పాడతానో ఎవడికీ అక్కర్లేదు. మీరు నవ్వులపాలైతేనే నాకు పాట దక్కుతుంది. నిజం చెప్పాను, చాలా? ఇప్పుడు చెప్పండి, వస్తారా, రారా?”

హెలెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెప్పుల పక్కన కూర్చున్న రత్తమ్మ మెల్లగా లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. విన్నవాళ్ళలో ఒక్కరైనా వినలేదని నటించడానికి కూడా వీల్లేకుండా పోయింది.

మాస్టారు గుమ్మంలో ఉన్న రత్తమ్మ వైపు చూశారు. ఏదో అనబోయి ఊరుకున్నారు.

“వినీలా,” అన్నారు చివరికి. “ఆ కార్యక్రమం లైవే కదమ్మా?”

“లైవే.”

“అంటే మధ్యలో కోత ఉండదు. నేనన్న మాట అన్నట్టే జనానికి వెళ్ళిపోతుంది.”

వినీల అన్న వైపు చూసింది. కిరణ్ అయోమయంగా తలూపాడు. “వెళ్ళిపోతుంది డాడీ.”

“నువ్వు పాడుతున్నప్పుడు నా నోరు మూయించేవాళ్ళు ఎవరూ ఉండరు.”

“ఉండరు,” అంది వినీల.

మాస్టారు లేచారు. హార్మోనియం చంకన పెట్టుకున్నారు. “అయితే వస్తాను. పదండి, బండి వేళవుతోంది.”

వినీల కోరుకున్న మాటే అది. చెవిన పడగానే, లైవ్‌లో ఆయన ఏమనబోతున్నారో అని ఆమెకి భయమేసింది. కిరణ్ ఫోను తీసి సారిక నంబరు నొక్కబోయి, వేలు ఆపేశాడు.

రెబెక్కా పరుగున వచ్చి భర్త చొక్కా చెయ్యి పట్టుకుంది. “ఏమండీ, మీరు అక్కడికెళ్ళి ఏం చేద్దామని?”

ఆయన కూతురి ముఖంలోకే చూస్తున్నారు.

“లైను అందిస్తాను,” అన్నారు. “నేనింకేం చేస్తాను?”